బురద వైపు ఎవరూ రారు

నవంబర్ 24

గంగులు ఫోన్ చేశాడు. పదకొండు రోజుల తర్వాత. ఆర్నెల్ల వెల్డింగ్ పనికని వెళ్లిన నా మొగుడు, యుద్ధం మొదలై ఆ దీవిలోనే ఇరుక్కుపోయాడు. పడవలు ఆపేశారు. పాస్‌పోర్టులు మిలిటరీ దగ్గర. శత్రువులు ఇవాళో రేపో దీవి మీద దిగుతారట. ఒడ్డంతా వీడియో తీసి పంపాడు. తులసీ, మావకి సూపించే, ఏ పక్కనుంచి వస్తారో సెప్పమను, మేం రెండో పక్క తొంగుంటాం అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

నాన్న ముప్పయ్యేళ్లు నావ నడిపాడు. వీడియో మూడుసార్లు చూశాడు. దచ్చినం పక్క కెరటం ఇరగడం నేదు, నావ ఒడ్డుకి తెచ్చేటోడు అక్కడికే తెస్తాడు అన్నాడు. పడమటంతా బురద, నావ దిగబడిపోతాది, అటు ఎవడూ రాడు అన్నాడు. మీసం కూడా తడుముకున్నాడు.

నవంబర్ 26

గంగులుకి నోరు ఆగదు. మా మావ ఇలా చెప్పాడని అక్కడి ఆఫీసర్ దగ్గర గొప్పలు పోయాడు. ఆఫీసర్ గన్స్ అన్నీ దక్షిణం ఒడ్డుకి మార్పించాడు. నీకు సముద్రం తెలుసు కదా, నువ్వే చూస్తూ కూర్చో అని ఇతన్నీ అక్కడే కాపలా పెట్టాడు. మిగతా పనివాళ్లు షెడ్‌లో ఉన్నారు. నన్నిక్కడ కట్టేసినారే అన్నాడు. ఈసారి నవ్వలేదు.

నవంబర్ 27

నాన్న అన్నం తినలేదు. నేను పెట్టనూ లేదు.

నవంబర్ 29

నాన్నతో గొడవ. వాళ్లు వచ్చేచోటే నా మొగుణ్ణి కూర్చోబెట్టావు కదా అన్నాను. నానేటి సేసినాను, కనిపించింది సెప్పినాను అన్నాడు. అయితే కనిపించనిది చెప్పు అన్నాను. పౌర్ణమి పోటుకి బురద మునిగిపోతుంది, పడవలు అటే వస్తాయి అను. గన్సూ అటు పోతాయి, గంగులూ అటు పోతాడు. అటు ఎవరూ రారు, బతుకుతాడు.

నా మాట మీద మనుషులు నీటిలోకి ఎల్తారు తల్లీ, సముద్రం మీద అబద్ధం ఆడమంటావా అన్నాడు నాన్న. నీ మాట మీద నీ అల్లుడు చస్తాడు, అది పర్లేదా అన్నాను. అనకూడని మాటే. అవసరమైతే మళ్లీ అంటాను.

నవంబర్ 30

ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడాలి. తెలుగు వచ్చిన సూపర్‌వైజర్ ఒకడు పక్కనే కూర్చుని అంతా ఆఫీసర్‌కి చెప్తాడు. అందుకని గంగులుకి కూడా నిజం చెప్పే వీల్లేదు. నాన్న ఆ అబద్ధమే చెప్పాడు. నేను నేర్పినదానికంటే బాగా చెప్పాడు. నువ్వు సెప్తే ఇంకేటి మావా అన్నాడు గంగులు. ఫోన్ పెట్టేశాక నాన్న పెరట్లోకి వెళ్లి మొహం కడుక్కున్నాడు. ఎంతకీ లోపలికి రాడే.

డిసెంబర్ 2

మార్చేశారు! గన్స్, గంగులు, అన్నీ బురద ఒడ్డుకి. దోమలు పీకేస్తన్నాయే అని మెసేజ్ పెట్టాడు. పీకనీ. నాన్నకి చేప వేయించి పెట్టాను. ఇద్దరం తిన్నాం.

డిసెంబర్ 5

దీవి పోయింది. టీవీలో చూపించారు. అవి మనకు తెలిసిన పడవలు కావు. హోవర్‌క్రాఫ్ట్‌లట. కింద గాలి నింపుకుని నీటి మీదా బురద మీదా ఒకేలా జారిపోతాయట. తెల్లారుతుండగా పడమటి ఒడ్డుకి వచ్చాయి. నాన్న టీవీ దగ్గరికి జరిగాడు. ఇదేటి తల్లీ, ఇది నీటిలో మునగడమే నేదు అన్నాడు. నేను గంగులుకి ఫోన్ చేస్తూనే ఉన్నాను. స్విచ్ఛాఫ్.

డిసెంబర్ 8

గంగులుతో పనిచేసే ఏసుదానం ఫోన్ చేశాడు. పాతపట్నం అబ్బాయి. షెడ్‌లో వాళ్లంతా బతికే ఉన్నారట. దక్షిణం వైపు ఒక్క తూటా కూడా పేలలేదట. గంగులన్న నేడక్కా అన్నాడు. ఏడ్చాడు. తర్వాత, మీ నాన్న మాట పొల్లు పోనేదక్కా, సరిగ్గా బురద పక్కకే వచ్చినారు అన్నాడు. పాపం, వాడికేం తెలుసు.

డిసెంబర్ 16

చేపల వేటకి వెళ్లేవాళ్లు పొద్దున్నే గుమ్మం ముందుకొచ్చారు. నూకయ్య మావా, ఈయేళ ఎల్లొచ్చా అని అడిగారు. నాన్న మంచం మీంచి లేవకుండానే, తులసినడగండి అన్నాడు.

వాళ్లు నా మొహం చూస్తూ నిలబడ్డారు.