పదిహేడో ఎక్కం

జూన్ 14, ఆదివారం

పరువు గంగలో కలిసింది.

వాన, ఎదురుగాలి. నలుగురం ఒకరి చక్రం వెనక ఒకరం. ముందున్నవాళ్ళు గాలికి అడ్డుంటే వెనకవాళ్ళకు సగం శ్రమే. ఐదు నిమిషాలకోసారి వంతు మారాలి. నెల రోజులుగా వెనక నక్కిన నాకు ఇవాళ మొదటిసారి ముందు వంతు వచ్చింది. ఒళ్ళు తెలియలేదు. మీటర్లో ఇరవై ఎనిమిది చూసి మురిసిపోతూ తొక్కాను. తిరిగి చూస్తే వెనక ఎవరూ లేరు. వదిన అరకిలోమీటరు అవతల, ఒక్కతే, గాలికి ఒరిగిపోతూ వస్తోంది.

వదినంటే మా ఆయన అక్క. నాకు సైకిల్ నేర్పిన మనిషి. మోకాలి ఆపరేషన్ అయి తొమ్మిది నెలలు.

మా కెప్టెన్ పళ్ళ డాక్టర్. కోప్పడలేదు, నవ్వాడు. ముందుకు రాగానే స్పీడ్ పెంచడం కొత్తవాళ్ళందరూ చేసే తప్పేనన్నాడు. కానీ ఈ నెల ఇరవై ఎనిమిదిన నూరు కిలోమీటర్ల రైడ్‌లో నేను వెనకే ఉంటే మంచిదట. పన్ను పీకేముందు కూడా ఇలాగే నవ్వుతాడేమో.

జూన్ 16

జలుబు. ఈ వానలో సైకిలేంటని మా ఆయన గొణుగుడు.

జూన్ 21, ఆదివారం

వదిన నా మీటర్ మీద ప్లాస్టర్ అంటించేసింది. నంబర్ చూడొద్దట. పదిహేడో ఎక్కం పైకి చెప్పగలిగినంత వేగమే నా వేగమట. మాట తెగితే ఎక్కువైనట్టు. రోజంతా ఎక్స్‌రే గదిలో అందరినీ ఊపిరి బిగబట్టమనే నేను, నా ఊపిరి ఎక్కడుందో ఇవాళ వెతుక్కున్నాను. ఎనిమిదుల దగ్గర ప్రతిసారీ తప్పాను. నూట ఇరవై ఆరు కాదు, నూట ముప్పై ఆరు.

వంటింట్లోనూ అదే జపం. మా ఆయన పేపర్ దించలేదు.

జూన్ 27, రాత్రి 9

రేపు పన్నెండు లోపు నలుగురూ గీత దాటితేనే టీమ్ లెక్క. వదిన తను లేకుండా వెళ్ళమంది. కెప్టెన్ ఒప్పుకోలేదు. ఈసారీ వెనకబడితే సైకిల్ ఎవరికైనా ఇచ్చేస్తానని నాతో మాత్రం చెప్పింది.

జూన్ 28, ఆదివారం, మధ్యాహ్నం 3

రాయకపోతే పగిలిపోతాను.

డెబ్భై దాటాక గాలి ఎదురు తిరిగింది. వాన సూదుల్లా ముఖం మీద. మాలో నాలుగోవాడు, ప్లంబర్, అతనికి పిక్క పట్టేసింది. గంటసేపు ముందు లాగిన కెప్టెన్ సోలిపోయాడు. నన్ను చూశాడు, మోచెయ్యి ఊపాడు. వంతు నాది.

వదినను సరిగ్గా నా వెనక పెట్టారు. నా వీపు వెడల్పని పెళ్ళినాటి నుంచీ వింటున్నాను. కొలత తీసుకున్న ప్రతిసారీ టైలర్ గుడ్డ చాలదంటాడు. ఇవాళ ఆ వీపే గోడ.

తడి రోడ్డు మీద తల తిప్పితే సైకిల్ పక్కకు పోతుంది. గాలి హోరులో వెనక ఎవరి చప్పుడూ వినబడదు. వదిన ఉందో లేదో తెలియలేదు. ఎక్కం ఎత్తుకున్నాను. ఎనిమిదుల దగ్గర కావాలనే తప్పు చెప్పాను, గట్టిగా.

"పదిహేడు ఎనిమిదులు నూట ఇరవై ఆరు."

"ముప్పై ఆరే పిల్లా."

అంత దగ్గరగా. నా వీపు మీదే అన్నట్టుగా.

ఆ తర్వాత ఎన్నిసార్లు తప్పు చెప్పానో. ప్రతిసారీ దిద్దింది, ఒకసారి తిట్టి మరీ. పద్దెనిమిది కిలోమీటర్లు నేనే లాగాను. ఎవరికీ వంతు ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు.

పదకొండు యాభై రెండు. నలుగురం.

వదిన సైకిల్ దిగి నా వీపు మీద రెండు చరిచింది. ఇక వానొస్తే నేనే ముందని కెప్టెన్ అన్నాడు. నాకు చాలా గర్వంగా ఉంది. రాసుకోవడానికి సిగ్గేం లేదు.

జూన్ 29, ఉదయం 6

కాళ్ళు కదలడం లేదు. బాత్రూంలో పదిహేడు ఎనిమిదులు నూట ఇరవై ఆరని గట్టిగా అన్నాను.

తలుపు అవతల పేపర్ చప్పుడు ఆగింది. ముప్పై ఆరు, అన్నారు మా ఆయన.