దర్జీగారి కొలత

తమ్ముడూ,

నువ్వు కొనిచ్చిన బీపీ మిషన్ నా ప్రాణాలు తోడేస్తోంది. కదలకుండా, మాట్లాడకుండా కూర్చుని చూసుకోమన్నాడు డాక్టరు. మీ బావగారేమో చేతికి పట్టీ ఉండగానే కస్టమర్లతో ఫోన్లో పోట్లాడతారు. అంకె ఎక్కువొస్తే మిషన్ పాడైందంటారు. ఊరందరి కొలతలూ తీసే దర్జీ, తన కొలత దగ్గర మాత్రం దొంగ! పట్టీ నా చేతికి చుట్టి, నా అంకెలే తనవని డాక్టరుకి చెప్తూ వచ్చారు. ఆ డాక్టరు నమ్మి ఈయన మాత్ర తగ్గించాడు.

నిన్న నాకే ఎక్కువొచ్చింది. "మిషన్ పాడైందిగా" అన్నాను. ఈయన వెంటనే షాపు మూసి, నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, "ఇన్నాళ్లూ నేను చెప్పినవన్నీ ఈవిడ అంకెలే. ఎప్పుడూ ఇంత లేదు, సరిగ్గా చూడండి" అన్నారు.

తనకైతే మిషన్ అబద్ధం, నాకైతే నిజమట! ఈయన్ని కడిగి పారేద్దామంటే, నా చేతికి పట్టీ కట్టి ఉన్నప్పుడు నోరెత్తకూడదట.

ఇట్లు,
నోరు మూసుకుని కూర్చున్న మీ అక్క