లుకీయోలో రోహిణి కార్తె

లుకీయో, పోర్టోరికో
జనవరి, 2009

ప్రియమైన ఉమకి,

ఫోన్‌లో నువ్వు "ఊఁ", "సరే", "ల్యాబ్‌లో పిలుస్తున్నారు" తప్ప ఇంకేమీ అనవు కనక ఉత్తరమే రాస్తున్నాను. చదివి తీరాలి మరి!

ఇక్కడ జనవరి ఎలా ఉందో తెలుసా? పొద్దున్నే లుంగీ, బనీనుతో సముద్రం ఒడ్డున నడిచొచ్చాను. చలికాలమని పక్కింటి మిలాగ్రోస్ గారు శాలువా కప్పుకుంటే నాకు నవ్వాగలేదు. సముద్రం నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. కాలేజీలో అడిగితే ఏడాది పొడుగునా ఇంతేనట! ఎండ చురుక్కుమంటోంది అనుకునేలోపే గాలి మొదలవుతుంది. మ్యాపు చూశాను, మన భీమిలీ ఈ ఊరూ ఇంచుమించు ఒకే అడ్డగీత మీద ఉన్నాయి.

కంపెనీ వాళ్లు నన్ను ముందే రిటైర్ చేసి పంపించేస్తే డెట్రాయిట్‌లో మనవాళ్లంతా అయ్యో అన్నారు. ఇప్పుడొచ్చి చూడమను! పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది, సముద్రం దొరికింది. లేనిది నువ్వే. ఇక్కడే ఉండిపోవాలని ఉంది ఉమా, నీతో. నేను ఉండేదీ లేనిదీ కాలేజీ వాళ్లకి జూన్‌లో చెప్పాలట. వచ్చెయ్యరాదూ?

నీ చలికి జాలిపడుతూ,
చక్రపాణి

ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
ఫిబ్రవరి, 2009

ప్రియమైన శ్రీవారికి,

మీ జాలి వచ్చి మన డ్రైవ్‌వేలో మంచు ఎత్తిపోస్తే సంతోషిస్తాను. నిన్న కారు తలుపు గడ్డకట్టుకుపోయి, వేణ్నీళ్లు పోస్తే గానీ తెరుచుకోలేదు. మీరేమో లుంగీ కట్టుకుని షికార్లు!

వచ్చెయ్యమనడం తేలికే. నా ల్యాబ్ ఏం కావాలి? ఇల్లేం కావాలి? ఇషాకి చెబితే "అమ్మా, వెళ్లిపో అమ్మా, ఎంజాయ్ చెయ్యి" అంటుంది. శాంటా క్లారాలో కూర్చుని అదీ చెబుతుంది కబుర్లు. నిజం చెప్పనా? నాకు భయమండీ. ఈ వయసులో, భాష రాని ఊళ్లో, నాకంటూ ఎవరుంటారు?

సరే, ఒక్క వారం వస్తాను. నచ్చకపోతే మీరు పేచీ పెట్టకుండా ఇంటికొచ్చెయ్యాలి. ఒప్పుకుంటేనే టికెట్. ఏ వారమో మీరే చెప్పండి, మంచి ఎండలుండాలి. ఓవెన్‌లో ఎండబెట్టిన వడియాలు తినీ తినీ నోరు చచ్చిపోయింది. మినప్పప్పు తెచ్చుకుంటాను.

స్వెట్టర్ మీద స్వెట్టర్‌తో,
మీ ఉమ

లుకీయో
మార్చి, 2009

ప్రియాతిప్రియమైన ఉమకి,

ఒప్పుకున్నాను! వెయ్యిసార్లు ఒప్పుకున్నాను! మే నెలాఖరుకి బుక్ చేసెయ్యి. రోహిణి కార్తె! రోళ్లు పగిలే ఎండల్లో నీ వడియాలు ఒక్క పూటలో గలగలమంటాయి చూడు. డాబా కడిగించాను. నా తెల్లపంచె ఉతికి సిద్ధంగా పెట్టాను.

మిలాగ్రోస్ గారు మాత్రం చేతులు తిప్పుతూ, నాకర్థమయ్యే నాలుగు స్పానిష్ ముక్కల్లో, "ఇప్పుడే రమ్మనండి, మే నెల వానలు" అంటోంది. వేసవిలో వానలేమిటి, మరీ చోద్యం కాకపోతే! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ మే నెల అంటే ఏమిటో నాకు తెలియదూ?

రోజులు లెక్కపెడుతూ,
నీ చక్రపాణి

లుకీయో
జూన్, 2009

ప్రియమైన ఉమకి,

ఏ మొహం పెట్టుకుని రాయను? నువ్వు దిగిన గంటకి మొదలైన వాన నువ్వు విమానం ఎక్కేదాకా వదల్లేదు. కరెంటు పోయింది. నీ వడియాల పిండి గిన్నెలోనే పులిసింది. ఎండలు కావాలంటే జనవరి నుంచి మార్చి దాకా రావాలట, మే నెలంటే ఇక్కడ వానలేనట. ఆవిడ చెబితే విన్నానా? మన ఊరి వేసవిని తెచ్చి ఈ ఊరికి అంటగట్టాను. నా అంత బుద్ధితక్కువ వాడు లేడు.

ఎయిర్‌పోర్ట్‌లో నువ్వు ఒక్క మాటైనా మాట్లాడలేదు. వెళ్లాకా అంతే, ఎప్పుడు ఫోన్ చేసినా "తరవాత మాట్లాడతాను" అంటున్నావు. నాకు అర్థమైంది ఉమా. మాటంటే మాటే. సోమవారం కాలేజీలో ఉండనని చెప్పేసి ఇంటికొచ్చేస్తాను. కోపం మాత్రం పెట్టుకోకు.

నీ,
చక్రపాణి

ఫార్మింగ్టన్ హిల్స్
జూన్, 2009

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం సోమవారానికి ముందే అందబట్టి సరిపోయింది. వెంటనే ఫోన్ చేసి, "కాలేజీలో ఏమీ చెప్పకండి" అని పెట్టేశాను. కారణం ఫోన్‌లో చెబితే ఏడుపొస్తుంది. ఇప్పుడు చదవండి.

ఆఖరి రోజు పొద్దున మీరు కొవ్వొత్తులకి వెళ్లారు కదా. కాస్త తెరిపి ఇచ్చిందని డాబా మీద మీ పంచె పరిచి నాలుగు వడియాలు పెట్టానో లేదో, ధబధబా పడింది. అలవాటు కొద్దీ లోపలికి పరిగెత్తబోయాను. ముప్పై ఏళ్లుగా వానంటే కారులోకి దూరడమేగా! కానీ ఆ వాన వెచ్చగా ఉందండీ! ఒళ్లు ఝల్లుమంది. కాలు కదలలేదు. జుట్టూ చీరా తడిసి ముద్దయినా అలాగే నిలబడ్డాను, చిన్నపిల్లలా చేతులు చాచుకుని. పిచ్చిదాన్ననుకుంటారని చుట్టూ చూస్తే, గోడవతల మిలాగ్రోస్ గారు గొడుగు పట్టుకుని నన్నే చూస్తోంది. సిగ్గుతో చచ్చాను. ఆవిడేమో గొడుగు మూసేసి, తనూ తడుస్తూ పకపకా నవ్వింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరం కడుపునొప్పి పుట్టేలా నవ్వాం.

ఎయిర్‌పోర్ట్‌లో నోరు తెరిస్తే "నేను వెళ్లనండీ" అనేసేదాన్ని. ఇక్కడ ల్యాబ్‌కి ఓ మాట చెప్పకుండా ఎలా? చెప్పాను. ఆగస్టుతో రిటైర్ అవుతున్నాను. ఇల్లు చూడటానికి మనుషులు వస్తున్నారు కూడా. అంతా కుదిరేదాకా మీకు చెప్పలేదు, చెబితే మీరు డెట్రాయిట్ అంతా టాంటాం వేస్తారు.

ఆగస్టు, సెప్టెంబరుల్లో తుఫానులట, చదివాను. డిసెంబరులో చల్లగాలులట. ఏ నెలది ఆ నెలలో చూసుకుందాం. ఆగస్టు చివరి శనివారం దిగుతున్నాను. ఆ రోజు వాన పడుతుంటే మీరు గొడుగేసుకుని వచ్చారో, ఊరుకోను, ఆఁ!

సామాను సర్దుకుంటూ,
మీ ఉమ