పాఠం కింద ఉండాల్సిన పేరు

అన్నయ్యకు,

నీ చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ బావా బాగానే ఉన్నాం. ఆయనకు జలుబు చేసి తగ్గింది, నాకు జలుబు లేకుండానే గొంతు పోయింది. అక్కడ నువ్వు, వదిన, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను. మనిద్దరికీ ఈ ఉత్తరాల పిచ్చి ఇంకా వదల్లేదని మీ బావ ఎగతాళి చేస్తున్నారు. ఫోన్‌లో అయితే నేను ఏ సంగతి ఎత్తినా నువ్వు నవ్వేసి "సర్లేవే, తిన్నావా?" అంటావు. ఈసారి అలా తప్పించుకోనివ్వను, నిన్నూ, నన్నూ.

బాత్‌రూమ్ గుమ్మం దగ్గర లేచిన టైల్ ఏమైందని అడిగావు. మేస్త్రి వచ్చి సరిచేశాడు. నువ్వు చెప్పినట్టు వేలితో తట్టి చూస్తే డొల్లగా మోగింది. "కింద సిమెంటు నిండా పెట్టలేదు కదూ?" అన్నాను. "మీకెలా తెలుసమ్మా?" అని అతను నోరెళ్లబెట్టాడు. మా అన్నయ్యదీ మీ పనేనని గర్వంగా చెప్పాను. ఆ మాట చెప్పాల్సిన చోట మాత్రం చెప్పలేదు. ఆ సంగతికి వస్తాను.

గదిలో ఒక్కదానివే కూచుని కెమెరాకి పాఠాలు చెబితే పిచ్చెక్కదా అన్నావు. ఎక్కుతుంది. బయటి చప్పుడు రాకుండా గోడలకు బొంతలు కట్టాం, తలుపు కింద తువ్వాలు కుక్కాం. ఫ్యాను వేస్తే రికార్డింగులో హోరు వస్తుంది కనుక చెమటలు కారుతుండగా భిన్నాలు చెబుతాను. అర్థమైందో లేదో చూసుకోవడానికి ఒక్క మొహమైనా ఎదురుగా ఉండదు. ఒక్కోసారి మీ బావను కూచోబెట్టుకుంటాను. ఆయన రెండో నిమిషానికే నిద్రపోతారు. అయితే మొన్న ఒక బస్సు డ్రైవరు, నలభై దాటినవాడు, మూడో పాఠం పరీక్ష ఆరుసార్లు తప్పి ఏడోసారి గట్టెక్కానని రాశాడు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదనుకో.

ఊరికే ఇచ్చే పాఠాలకు ఉద్యోగమేమిటని వదిన అడిగింది కదా. మా సంస్థ పాఠాలు తయారుచేసి ఇంటర్నెట్‌లో పెడుతుంది. ఎవరైనా చూడొచ్చు, తీసుకోవచ్చు, తమ భాషలోకి, తమ పిల్లలకు తగ్గట్టు మార్చుకోవచ్చు. మమ్మల్ని అడగనక్కర్లేదు. ఒక్కటే నియమం: పాఠం ఎవరిదో వాళ్ల పేరు చెరపకూడదు. కొత్తగా చేరిన టీచర్లకు ఆ నియమం నేర్పేది నేనే. గురివింద గింజ తన నలుపెరగదంటారు. నేను ఎరిగి ఉండీ నేర్పాను, అది ఇంకా సిగ్గుచేటు.

నువ్వడిగిన వాటిలో ఒక్కటి మిగిలింది. నిజానికి అది నువ్వు అడిగింది కాదు, ఉత్తరం చివర నవ్వులాటగా రాసింది. పాపకు భిన్నాలు చెబుతుంటే, "అదేంటి నాన్నా, అచ్చం వీడియోలో అత్త చెప్పినట్టే చెప్తున్నావ్! అత్త దగ్గర నేర్చుకున్నావా?" అందట. నువ్వు "అవునమ్మా" అన్నావట.

అది చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

అప్పుడు నాకు పదకొండేళ్లు. సగానికి మూడో వంతు కలపడం రాక ఏడుస్తున్నాను. నువ్వు పని నుంచి వచ్చి సంచిలోంచి విరిగిన టైల్ ముక్కలు తీశావు. "సగం ముక్కా, మూడో వంతు ముక్కా పక్కపక్కన పెడితే ఎంతయిందో ఎవడు చెప్తాడే? ఏడుపాపి, ముందు ముక్కలు సమానం చెయ్యి" అన్నావు. ఇంకో నిండు టైల్ తీసి ఆరు గళ్లు గీశావు. సగంలో మూడు గళ్లు, మూడో వంతులో రెండు. వేలు పెట్టి ఐదు లెక్కపెట్టాను. ఆ తర్వాత లెక్కలంటే నాకు ఎన్నడూ భయం వెయ్యలేదు.

ఎనిమిదేళ్ల కిందట మా సంస్థకు నేను చేసిన మొదటి పాఠం అదే. ఆ టైలే, ఆ గీతలే, "ముందు ముక్కలు సమానం చెయ్యి" అన్న నీ మాటే. పాఠంతో పాటు ఒక కాగితం నింపి ఇవ్వాలి. "ఇందులో మరొకరి ఆలోచన ఉందా?" అని ఒక గడి ఉంది. నీ పేరు రాశాను. పక్క గడిలో "వారి చదువు, వృత్తి" అని ఉంది. పెన్ను ఆగిపోయింది. తొమ్మిదో తరగతితో మానేశాడు, టైల్స్ వేస్తాడు అని రాస్తే నా పాఠాన్ని ఎవరు లెక్కచేస్తారనిపించింది. ఇంకో కాగితం అడిగి తీసుకుని, ఆ గడిలో "లేదు" అని రాశాను. మరిచిపోయి కాదన్నయ్యా. సిగ్గుపడి. నిన్ను చూసి సిగ్గుపడి.

ఆ పాఠమే నాకు పేరు తెచ్చింది. ఎలా తట్టిందని సభల్లో అడిగితే, ఒకరోజు వంటింటి నేల చూస్తుంటే తట్టిందని కథ అల్లాను. చప్పట్లు కొట్టారు. ఇప్పుడది ఇరవై మూడు భాషల్లో ఉంది, అన్నిట్లోనూ కింద నా పేరే.

పోయిన సోమవారం మా పెద్ద మేడం గదికి వెళ్లి మొత్తం చెప్పేశాను. ఆ పాఠాన్ని చూసే నన్ను లెక్కల విభాగానికి పెద్దను చెయ్యాలనుకున్నారు. ఆవిడ నా పాత కాగితం తెప్పించి చూశారు.

"ఎనిమిదేళ్లుగా ఎవరూ అడగలేదు కదమ్మా, ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

"మా మేనకోడలు అడిగింది మేడం."

ఆ పదవి వేరేవాళ్లకు వెళ్లింది. ఉద్యోగం ఉంచారు, కొత్త టీచర్లకు నియమాలు చెప్పే పని మాత్రం తీసేశారు. న్యాయమే.

దీనితో ఒక కాగితం పెట్టాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నీదాన్ని నేను లోకానికి పంచిపెట్టి మంచిపేరు కొట్టేశాను. నువ్వు సంతకం పెడితే పాఠం నీ పేరుతో ఉంటుంది. వద్దంటే మా సైటు నుంచి తీసేస్తారు, నేను మారు మాట్లాడను. చదువు, వృత్తి గడి ఈసారి నింపాను. తప్పుంటే దిద్దు. ఆ పాఠం తీసుకున్నవాళ్లకు ఒక్కొక్కరికీ రాస్తున్నాను, కానీ అందరూ దొరకరు. కొన్నిచోట్ల అది నా పేరుతోనే ఉండిపోతుంది.

నువ్వు క్షమిస్తావని తెలుసు, నా భయమూ అదే. నవ్వేసి సంతకం పెట్టి పంపకు. కోపమొస్తే తిట్టు. నా పరువు కోసం నీ కూతురి ముందు నువ్వు చిన్నవాడివయ్యావు, అది నేను మొయ్యలేను. ఈ ఉత్తరం పాప చేతికిచ్చి గట్టిగా చదవమను. నేను సిగ్గుపడ్డానన్న చోట ఆపించకు, అదీ చదవనీ. అత్త మీద దానికున్న గౌరవం పోతే పోనీ. అది అడిగినదానికి జవాబు చెప్పాల్సింది నేను.

ఇట్లు,
నీ దగ్గర భిన్నాలు నేర్చుకున్న
నీ చెల్లెలు