ఒకే తీగ, మూడు ఆకుపచ్చలు

చిరంజీవి అల్లుడుగారికి అత్తగారి ఆశీస్సులు.

మీ మిల్లు నుంచి నమూనాలు అందాయి. గోడ కాగితం, కర్టెను గుడ్డ, దుప్పటి, దిండు గలీబు, నాలుగింటి మీదా నేను వేసిన పూలతీగే ఉండాలని కదా మన ఒప్పందం. ఉంది, కానీ ఏ గతిలో ఉందో చూశారా? కాగితం అంచుల్లో పూలను సగానికి నరికేశారు. దుప్పటి మీద సగం పూలు తలకిందులుగా వేలాడుతున్నాయి. ఇక ఆకులంటారా, కాగితం మీద లేత చిగురు, కర్టెను మీద ఎండుటాకు, గలీబు మీద నీలం. ఒకే తీగకు మూడు రోగాలు. నేను సంతకం పెట్టను. నా సంతకం లేనిదే మిషను తిరగదన్నారుగా, తిరగకపోతే పోనివ్వండి.

మీ అత్తగారు

తా.క. మీ ఆవిడ ఇక్కడ క్షేమం. మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను.

~

పూజ్యులైన అత్తయ్యగారికి నమస్కారాలు.

సగం పువ్వు తప్పు కాదండీ. ఈ కాగితం అంచున ఉన్న సగం, పక్క కాగితం అంచున ఉన్న సగంతో కలుస్తుంది. అంటించేవాడు కలుపుతాడు. దుప్పటిని ఎటు పరిచినా కొన్ని పూలు నిటారుగా కనిపించాలని అలా వేశాం. ఆకుల రంగు చిన్న విషయం. కాగితానికీ గుడ్డకూ ఒకే రంగు వాడాం, ఒక్కో గుడ్డ ఒక్కోలా పీల్చుకుంటుంది కనక కాస్త తేడా వస్తుంది. కొనేవాళ్లు పూలు చూస్తారు గానీ ఆకులు చూస్తారా? షోరూము ఆయన వచ్చేవారం వస్తున్నాడు. ఆయనకు నచ్చితేనే ఈ ఏడు మిల్లు నడుస్తుంది. దయచేసి సంతకం చేసి పంపండి.

మీ అల్లుడు

తా.క. మీ అమ్మాయిని త్వరగా పంపండి. రంగుల గదిలో తను లేక పనివాళ్లు వచ్చి నన్ను అడుగుతున్నారు. నాకేం తెలుసు?

~

అల్లుడుగారికి,

మీ పాఠం చదివాను. నా పువ్వును తీసుకెళ్లి ఎవడో అంటించేవాడి చేతిలో పెడతానా? అంచుల్లోని సగం పూలన్నీ కత్తెరతో తీసేసి, మిగిలినదాని మీద సంతకం పెట్టాను. దుప్పటి మీద శీర్షాసనం వేసిన పూలను ఇంకుతో కొట్టేశాను. ఆకులు చిన్న విషయమన్నారు కనక వాటి సంగతి మీరే చూసుకోండి.

మీ అత్తగారు

తా.క. కత్తిరించిన పూలు వెనక్కి పంపడం లేదు. మీకు అప్పగిస్తే మళ్లీ వాటికి ఏ గతి పట్టిస్తారో.

~

అత్తయ్యగారికి,

నమస్కారాలు ఎప్పటిలాగే ఉన్నాయి, ఓపికే అయిపోయింది. సంతకం పడ్డ నమూనా ఎలా ఉంటే సరుకు అలాగే రావాలన్నది మా మిల్లు పద్ధతి. మా ఫోర్‌మన్‌ను అందరూ రూళ్లకర్ర అంటారు. ఆయన మీ కత్తెర ఎటు పోతే అటే పోయి, కాగితం అచ్చువేయించి, షోరూము ఆయన కోసం గదంతా అంటించాడు. తీగలన్నీ మధ్యలో తెగిపోయాయి. షోరూము ఆయన చూసి మేక మేసిందా అని అడిగాడు. అది నవ్వులాటగా పోయేదే. కానీ గలీబును గోడకు ఆనించి, పక్కన కర్టెను పట్టుకుని, "ఈ మూడింటినీ ఒకే గదిలో ఎలా పెట్టమంటావయ్యా? ఏ ఆకూ ఏ ఆకుతోనూ కలవడం లేదు" అన్నాడు. ఆకులు సరిచేస్తేనే మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయాడు. నలుగురిలో నా పరువు పోయింది. ఇదంతా మీ కత్తెర చలవే.

మీ అల్లుడు

తా.క. దుప్పటి మీద మీ ఇంకు గీతలను కూడా రూళ్లకర్ర అచ్చువేయించాడు. షోరూము ఆయనకు అవి మాత్రం నచ్చాయి.

~

అల్లుడుగారికి,

సగమూ సగమూ కలిస్తే పువ్వవుతుందని నాకు తెలీదనుకున్నారా? మీరు నిక్కర్లు వేసుకునే రోజుల్లోనే నేను గోడ కాగితాలకు పూలు వేశాను. నా మొదటి ఉత్తరంలో అసలు మాట ఆకులొక్కటే. అదీ నాది కాదు, మీ ఆవిడది. గుడ్డకు రంగు వేరేగా కలపాలని మీ దగ్గర చెవినిల్లు కట్టుకుని పోరిందట. భోజనాల దగ్గర చెబితే ఊఁ కొట్టారు, ఆఫీసులో చెబితే తర్వాత చూద్దామన్నారు. చివరికి అలిగి ఇక్కడికి వచ్చేసింది. అత్తగారి మాటైతే వింటారని నాచేత రాయించింది. అది తన మాటేనని పసిగడతారేమోనని పూల గొడవ నేనే కలిపాను. మీరేమో నా గొడవకంతా ఓపిగ్గా జవాబిచ్చి, తన మాటను చిన్న విషయమన్నారు. ఆ ముక్క చదివి నా కూతురు ఏడ్చింది. నేను కత్తెర పట్టింది అప్పుడే. ఇంట్లో మనిషి చెబితే కనిపించని ఆకులు షోరూము ఆయన చెబితే కనిపించాయి మీకు. సిగ్గుగా లేదూ?

ఇకనుంచి నమూనాల మీద పడే సంతకం నాది కాదు, తనది. దానికి ఒప్పుకుంటేనే వచ్చి రంగు కలుపుతుంది.

మీ అత్తగారు

తా.క. జవాబు నాకు కాదు, తనకే రాయండి. కవరు మీద "రంగుల గది అధికారిణి గారికి" అని ఉంటే చించి చదువుతుందట. ఒట్టి శ్రీమతి అని ఉంటే తిప్పి పంపేస్తుంది.