హబ్బెల్ గారి బీరువాలో ఉందో లేదో

హాలోవే కౌంటీ,
సెప్టెంబర్ 9

లైసెన్సు ఆఫీసులో ఈ ఉత్తరం విప్పినవారికి నమస్కారం.

నేనొక పౌరురాలిని. ఒక్కటే ప్రశ్న. తల్లిదండ్రుల దగ్గర ఉండే వీల్లేని పిల్లల్ని మీరు కొన్ని ఇళ్ళకి అప్పగిస్తారు కదా, అందులో లెరాయ్, డార్లీన్ హబ్బెల్ గార్ల ఇల్లొకటి. ఆ ఇంటి నేలమాళిగలో నాకంటే ఎత్తున్న ఇనప బీరువా ఉంది. ఎప్పుడూ తాళమే. అందులో తుపాకీ ఉందా, లేదా?

ఎందుకంటే నాకు తెలిసిన పిల్లాడొకడున్నాడు. ఆరేళ్ళు. తాళం కనిపిస్తే తియ్యకుండా ఉండలేడు. దొంగతనం కాదు. తీస్తాడు, లోపల చూస్తాడు, మళ్ళీ వేసేస్తాడు. ఇంతకుముందున్న ఇంట్లో మందుల అలమర పిన్నుతో తీసి, లోపల ఏమేమున్నాయో భోజనాల దగ్గర అందరికీ వరసగా అప్పజెప్పాడు. అది ఫైల్లోకెక్కింది. ఎవరిని ఏ ఇంట్లో ఉంచాలో చూసే సెక్షన్‌వాళ్ళు, ఇంకొక్కసారి ఇలా జరిగితే వాణ్ణి వేరే ఊళ్ళో ఒంటరిగా ఉంచుతామన్నారు. వాళ్ళక్క మాత్రం ఇక్కడే ఉండిపోవాలి.

తుపాకీ ఉంటే వాళ్ళక్క మాళిగ మెట్ల మీద కాపలా కూర్చోవాలి. హోంవర్కు వంకతో ఇప్పటికే కూర్చుంటోంది. తుపాకీ లేకపోతే లేచి రావొచ్చు. అంతే.

జవాబు స్కూలు లైబ్రరీ అడ్రసుకి పంపండి. ఇంటికి మాత్రం వద్దు.

ఇట్లు,
ఒక పౌరురాలు

తా.క.: ఆ పిల్లాడు నా తమ్ముడు కాదు. నా వయసు కూడా పదిహేను కాదు.


పిల్లల సంరక్షణ గృహాల లైసెన్సు విభాగం,
సెప్టెంబర్ 16

గౌరవనీయులైన పౌరురాలికి,

మీ ఉత్తరం అందినది. పిల్లలను ఉంచుకొను ఇళ్ళలో గల ఆయుధాల సమాచారం చట్టరీత్యా రహస్యం. కావున ఉన్నవని చెప్పుటకు వీలులేదు. లేవని చెప్పుటకు కూడా వీలులేదు. లేనివారికి లేవని చెప్పినచో, మేము మౌనం వహించిన ప్రతి ఇంటా ఉన్నవని తెలిసిపోవును.

దరఖాస్తుదారు మైనరు అయినచో సంరక్షకుని సంతకం జతపరచవలెను. వివరాలు కోరబడిన సంగతి సదరు ఇంటివారికి, అడిగినవారి పేరు లేకుండా, తెలియజేయడమైనది.

ఇట్లు, మీ విధేయుడు,
వెర్నాన్ ప్రూయిట్, రికార్డుల గుమాస్తా

తా.క.: పౌరులు సాధారణంగా సంతకం పక్కన పువ్వు బొమ్మ వేయరు. తప్పని అనుట లేదు.


సెప్టెంబర్ 24

ప్రూయిట్ గారూ, నమస్కారం.

మీరు ఇంటివాళ్ళకి తెలియజేస్తారని ముందే చెప్పి ఉంటే నేనసలు రాసేదాన్నే కాదు.

లెరాయ్ గారు మీ కాగితాన్ని భోజనాల బల్ల దగ్గర రెండుసార్లు చదివారు. ఎవడో దొంగ, ముందుగా ఆఫీసుకి రాసి మరీ వస్తున్నాడన్నారు. దొంగలు ఉత్తరాలు రాయరు, ఇది మీ చెల్లెలి పనే అని డార్లీన్ గారు. ఆ చెల్లెలికి ఫోన్ చేసి ఇద్దరూ చెరో పది నిమిషాలు తిట్టారు. పాపం ఆవిడకి ఎందుకో కూడా తెలీదు, చెప్పడానికి వీల్లేదన్నారు. మర్నాడు లెరాయ్ గారు ఇనప సామాన్ల కొట్టుకెళ్ళి ఇంకో రెండు తాళాలు తెచ్చారు. ఇప్పుడు మూడు.

ఆ పిల్లాడు టీవీ మానేశాడు. బీరువా ముందు కూర్చుంటున్నాడు. వాడి తాళాల సంగతి హబ్బెల్ గారికి మీవాళ్ళు చెప్పనేలేదట. అదీ రహస్యమేనట. కాగితం ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను, అందుకే రాత ఇలా ఉంది.

లెరాయ్ గారిని సూటిగా అడిగి చూశాను. "ఎవరికీ చెప్పొద్దని రాశారమ్మా ఆఫీసువాళ్ళు. ఇంట్లోవాళ్ళకి చెప్పొచ్చని ఎక్కడా రాయలేదు" అన్నారు.

సంరక్షకుని సంతకం అన్నారు. నా, అంటే నా స్నేహితురాలి సంరక్షకుడు ప్రభుత్వమే. ఎవరో ఒకరు సంతకం పెట్టండి.

ఇట్లు,
అదే పౌరురాలు

తా.క.: ఈసారి పువ్వు వెయ్యలేదు. గమనించగలరు.


అక్టోబర్ 2

గౌరవనీయులైన పౌరురాలికి,

మీ స్నేహితురాలి దరఖాస్తు సంరక్షకుడైన ప్రభుత్వానికి పంపబడినది. ఈ కౌంటీలో ఆ బాధ్యత మా ఆఫీసులోనే నా ఎదురు బల్లది. ఎదురు బల్ల ఆవిడ రిటైరైనప్పటి నుండి ఆ బల్ల కూడా నాదే. కావున అక్కడ కూర్చుని సంతకం పెట్టి, ఇక్కడికి వచ్చి స్వీకరించి, పరిశీలించి, తిరస్కరించితిని. తిరస్కారంపై ముప్పై రోజులలో అప్పీలు చేసుకొనవచ్చునని నాకు నేను తెలియజేసుకొంటిని.

వివరాలు రెండవసారి కోరబడిన సంగతి నియమానుసారం ఇంటివారికి తెలియజేయడమైనది.

ఇట్లు, మీ విధేయుడు,
వెర్నాన్ ప్రూయిట్ (రెండు బల్లలు)

తా.క.: మెట్లు చల్లగా ఉన్నచో దిండు వేసుకొనమని మీ స్నేహితురాలికి చెప్పగలరు. ఇది ఆఫీసు సలహా కాదు.


అక్టోబర్ 11, శనివారం

ప్రూయిట్ గారూ,

మీ రెండో కాగితం తర్వాత తాళాలు ఐదయ్యాయి. పైన గొలుసు. గొలుసు పక్కన లెరాయ్ గారి బావమరిది కుక్క.

ఇవాళ పొద్దున లెరాయ్ గారు చర్చిలో అట్ల ఫలహారానికి వెళ్ళారు. డార్లీన్ గారు బట్టలు ఆరేద్దాం రమ్మంటే కాదనలేకపోయాను. ఎనిమిది దుప్పట్లు. తిరిగొచ్చేసరికి బీరువా బార్లా తెరిచి ఉంది. ఐదు తాళాలూ నేల మీద చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసగా పేర్చి ఉన్నాయి. "అక్కా, నాలుగోది కొంచెం మొండిది" అన్నాడు.

లోపల తుపాకీ లేదు. ఏమీ లేదు. ఒక్క కాగితం. 'ఈ ఇంట్లో ఎటువంటి ఆయుధాలూ లేవు' అని హబ్బెల్ గార్ల సంతకాలు, కింద మీ ఆఫీసు ఎర్ర ముద్ర: 'రహస్యం. తాళం వేసిన ఇనప బీరువాలో భద్రపరచవలెను.' ఆ కాగితం కోసమే బీరువా కొన్నారట.

నేను నేల మీద కూలబడి నవ్వాను. తర్వాత ఏడ్చాను. అప్పుడే లెరాయ్ గారు వచ్చారు. తాళాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. "నాలుగోదాని తాళంచెవి నేను కొన్న రోజే పారేసుకున్నాను. ఎలా తీశావురా నువ్వు?" అన్నారు.

కానీ బీరువా తెరుచుకుంటే ఒక్కరోజులో మీకు రిపోర్టు పంపాలట. డార్లీన్ గారు వంటింట్లో కూర్చుని రాస్తున్నారు. "రాయకపోతే లైసెన్సు పోతుంది, రాస్తే పిల్లాడు పోతాడు. ఏం చెయ్యమంటావే?" అని నన్నడిగారు. నేను వెంటనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఆ రిపోర్టు మీ బల్ల మీదికే వస్తుంది. ఏదో ఒక బల్ల మీదికి. నా పేరు కోరా పైక్. వాడు ఓటిస్, నా తమ్ముడే. నాకు పదిహేనేళ్ళే. వాడు నేను లేకుండా ఇంతవరకు ఒక్కరోజు కూడా ఎక్కడా ఉండలేదు.

కోరా

తా.క.: కుక్క గొలుసు కూడా విప్పేశాడు. కుక్క మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.


అక్టోబర్ 20

కుమారి కోరా పైక్‌కు,

హబ్బెల్ గారి రిపోర్టు అందినది. ఆయుధాల బీరువాలో ఏమున్నది, దానిని ఎవరు తెరిచిరి, ఎట్లు తెరిచిరి అను వివరాలు అందులో ఉన్నవి. ఇవన్నియు పిల్లలను ఉంచుకొను ఇంట్లోని ఆయుధాల సమాచారం కిందికే వచ్చును. అందుచేత రహస్యం.

పిల్లలను ఏ ఇంట ఉంచవలెనో చూచు సెక్షన్‌వారు రిపోర్టు కోరిరి. ఇవ్వ వీలులేదంటిని. తెరిచినది పిల్లవాడా అని అడిగిరి. అటువంటి పిల్లవాడు ఉన్నాడనుటకు గాని, లేడనుటకు గాని వీలులేదంటిని. సంరక్షకుని సంతకం తెచ్చెదమనిరి. ఎదురు బల్ల దగ్గరకు పంపితిని. అక్కడ కూడా తిరస్కరించితిని. ఉన్నాడో లేడో తెలియని పిల్లవానిని వేరొక ఇంటికి మార్చుటకు ఏ ఫారమూ లేదని గ్రహించి వారు వెళ్ళిపోయిరి.

మీరు ఇకపై మెట్ల మీద కూర్చోనక్కరలేదని నేను చెప్పలేను. చెప్పినచో బీరువాలో ఏమున్నదో చెప్పినట్లగును. హోంవర్కుకు బల్ల మేలని మాత్రం నేను అందరికీ చెప్పుచుందును.

ఇట్లు, మీ విధేయుడు,
వెర్నాన్ ప్రూయిట్

తా.క.: సదరు రిపోర్టును మా ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసితిని. మీ తమ్ముణ్ణి దయచేసి ఈ వీధిలోకి తీసుకురాకండమ్మా. మాకు ఉన్నది ఒక్కటే తాళం.