ఎడ్నా ఎర్ర జేబు

హాథర్‌బెక్, యార్క్‌షైర్
మే 3, 1988

పాత స్పోర్ట్స్ కార్ల సంఘం కార్యదర్శి శ్రీమతి పికరింగ్ గారికి నమస్కారం.

నా చేతిరాత కోడి కెలికినట్టుంటుంది, మన్నించండి. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి. నాది ఊరిబడి చదువు. గొర్రెల బొచ్చు కత్తిరించే రోజుల్లో ఆ బడీ మూసేవాళ్లు.

జూలై ప్రదర్శనలో నా కారును 'పుట్టినప్పటి రూపం' వరుసలో పెట్టాలని ఉంది. పచ్చది, రెండు సీట్లది, 1961లో కొత్తగా కొన్నాను. మా ఆవిడ ఎడ్నా ఏటా ఆ వరుస పక్కన నిలబడి, "మనదీ ఇక్కడ ఉండాల్సిందే హెడ్లీ. అడగడానికి నీకు నోరు రాదు గానీ" అనేది. ఆమె పోయి రెండేళ్లయింది. ఇప్పుడు అడుగుతున్నాను.

ఇట్లు,
హెడ్లీ థ్వెయిట్

తా.క. ఫొటో పంపుతున్నాను. సీట్లో కూర్చున్నది మా కుక్క నెల్. నేను కారు వెనకాల ఉన్నాను, కనిపించను.


హారోగేట్
మే 9

థ్వెయిట్ గారికి,

మీ కారు ముచ్చటగా ఉంది. అయితే మా నిబంధన ఒక్కటే: ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున కారులో ఏముందో అదే ఉండాలి. తర్వాత చేర్చిన ప్రతిదీ తీసేయాలి. ఫొటోలో ట్రాక్టరు అద్దం, ఫ్లాస్కు నిలబెట్టే ఇనుప చుట్టు, పక్కసీటు ముందు డాష్‌బోర్డు కింద ఎర్రగుడ్డ జేబు కనిపిస్తున్నాయి. మా జడ్జీలు ఒక్క మరమేకు కోసం బురదలో మోకాళ్ల మీద కూర్చునే రకం.

భవదీయురాలు,
బెరిల్ పికరింగ్

తా.క. కుక్క కూడా ఫ్యాక్టరీ నుంచి రాలేదనుకుంటాను.


హాథర్‌బెక్
మే 21

పికరింగ్ గారికి నమస్కారం.

మీరు చెప్పినట్టే చేశాను. అద్దం, చుట్టు తీసేశాను. టైర్లు ఎన్నోసార్లు మార్చినవే కదా, అవీ ఊడదీశాను. బ్యాటరీ కొత్తది, తీశాను. ఆయిలు, పెట్రోలు మొన్న పోయించినవి, వంచేశాను. కారు ఇప్పుడు ఇటుకల మీద ఉంది. పక్కింటి సిరిల్ గోడ మీంచి చూసి, "ఏమయ్యా హెడ్లీ, అమ్ముతున్నావా, పాతిపెడుతున్నావా?" అన్నాడు. సంఘం వాళ్లు చెప్పారన్నాను. "అయితే పాతిపెట్టడమే" అన్నాడు.

జేబు మాత్రం తియ్యలేదు. అది ఎడ్నా కుట్టింది.

ఇట్లు,
హెడ్లీ థ్వెయిట్

తా.క. నెల్‌ను దింపేశాను. అన్నీ ఊడదీశానని నాతో మాట్లాడటం మానేసింది. గేటు దాటిన రోజున కారులో నేనూ లేను. నేను రావచ్చునా?


హారోగేట్
మే 26

థ్వెయిట్ గారికి,

దయచేసి ముందు టైర్లు బిగించండి. అరిగిపోయేవి, ఇంకిపోయేవి మార్చుకోవచ్చు, వాటికి నిబంధన లేదు. మీరూ రావచ్చు. నెల్ కారు పక్కన కూర్చోవచ్చు.

జేబు సంగతి మాత్రం నా చేతిలో లేదు. ఇల్లాలు ప్రేమగా కుట్టినా మార్పు మార్పే. తియ్యలేనంటే 'సొంత మార్పుల' వరుసలో చోటిస్తాను, బాబ్‌కాక్ గారి కారు పక్కన. ఆయన తన కారుకు లారీ హారను పెట్టి, తలుపుల మీద మంటలు గీయించారు. మనిషి మంచివాడే.

భవదీయురాలు,
బెరిల్ పికరింగ్

తా.క. మా ఆయన మా కారులో ఇత్తడి యాష్‌ట్రే బిగించుకున్నారు. ఆయన పోయాక ప్రదర్శన కోసం నేనే ఊడదీశాను. అది ఇప్పటికీ నా సొరుగులో ఉంది. నిబంధన అంటే నిబంధన.


హాథర్‌బెక్
జూన్ 1

పికరింగ్ గారికి నమస్కారం.

మంటల పక్కన పెట్టను. జేబు తర్వాత కుట్టింది కాదు. మీరు అడగలేదు, నేను చెప్పలేదు.

ఎడ్నా ఆ ఫ్యాక్టరీలోనే సీట్లు కుట్టేది. సెలవులకు మా ఊళ్లో వాళ్ల అత్త ఇంటికి వచ్చేది. కారు కోసం పేరు రాయించానని ఆమెకు ఉత్తరం రాశాను. అందులోనే చివర పెళ్లి సంగతి కూడా అడిగాను. ఎదురుగా అడిగే మనిషిని కాను. జవాబు రాలేదు. పోస్టుమాన్ కనబడితే గోడచాటుకు పోయేవాణ్ణి. ఆ చలికాలమంతా అలాగే గడిచింది.

వసంతంలో కారొచ్చింది. తలుపు తీస్తే పక్కసీటు ముందు ఈ జేబు. ఆమె ఎర్రకోటు లోపలి గుడ్డే. అందులో పిప్పరమెంట్లు. నా పేరు చీటీ ఉన్న కారు ఎప్పుడొస్తుందా అని కాచుకుని, మేస్త్రీ అటు తిరగగానే కుట్టేసిందట. ఉత్తరం ముక్క రాయొచ్చు కదా అని తర్వాత అడిగాను. "ఎక్కడ కూర్చుంటానో చూపించాను కదా, ఇంకేం రాయాలి?" అంది.

గేటు దాటిన రోజున ఏముందో అదే ఉండాలన్నారు. జేబు ఆ రోజే ఉంది. ఆ లెక్కన లోటున్నవి జేబు లేని మిగతా కార్లే. అయినా వాటిని వరుసలోంచి పంపేయకండి, పాపం.

ఇట్లు,
హెడ్లీ థ్వెయిట్

తా.క. ఆ యాష్‌ట్రే మళ్లీ బిగించుకోండి. ప్రదర్శనకు స్క్రూడ్రైవరు తెస్తాను. తేవచ్చో లేదో త్వరగా జవాబు రాయండి. జేబు కుట్టి పంపనక్కర్లేదు, కార్డు ముక్క చాలు.